సీప్యాప్ మెషీన్: గురక సంగతి సరే, రాత్రుళ్లు ఒంటికి లేవడం తగ్గింది

సీప్యాప్ అంటే నిద్రలో ఊపిరి ఆగే జబ్బు (స్లీప్ ఆప్నియా) ఉన్నవాళ్లకు మాస్క్ గుండా గాలి ఊదే మెషీన్. గురక పోయింది, పగలు కునుకుపాట్లు తగ్గాయి అని అది వాడే ప్రతివాళ్లూ చెబుతారు. నాకూ అంతే. కానీ మూడేళ్లు దాటాక ఇది రాయడానికి కూర్చున్నది వాటి కోసం కాదు. డెబ్బై దాటినవాడికి అర్ధరాత్రి మంచం దిగడమంటే ఎంత భయమో దిగేవాళ్లకే తెలుసు. ఆ భయాన్ని ఈ మెషీన్ చాలావరకు తీసేసింది. అమ్మినవాళ్లు ఈ ముక్క చెప్పనే లేదు.

అంతకుముందు రాత్రికి నాలుగైదుసార్లు లేచేవాణ్ణి. షుగర్ లేదు. ప్రోస్టేట్ కొంచెం పెరిగిందని యూరాలజిస్టు మాత్ర రాశారు. దాంతో ధార బాగుపడింది గానీ లేవడం తగ్గలేదు. బీపీకి వేసుకునే నీళ్ల మాత్ర పొద్దుటికి మార్చాం. పొద్దుగూకాక మంచినీళ్లు తాగబోతే మా ఆవిడ గ్లాసు లాక్కునేది. అయినా లేచిన ప్రతిసారీ పగటిలాగే ధారాళంగా వచ్చేది. అంత నీరు ఎక్కణ్ణుంచి వస్తోందో అర్థమయ్యేది కాదు. ఓ రాత్రి బాత్రూమ్ గడప దగ్గర కళ్లు తిరిగితే తలుపు పట్టుకుని నిలదొక్కుకున్నాను. ఈ వయసులో తుంటి విరిగిందంటే మళ్లీ లేచి తిరుగుతామన్న నమ్మకం లేదు.

గుండె డాక్టరు గారు స్లీప్ స్టడీ రాసింది దీని కోసం కాదు, మూడు రకాల మాత్రలు వేసుకుంటున్నా బీపీ దిగట్లేదని. నిద్రలో గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, ఎన్నిసార్లు సన్నబడిందో లెక్కగడతారు. 30 దాటితే తీవ్రం కింద లెక్క. నాది దాటింది.

మాస్క్ కాస్త అలవాటయ్యాక ఒకరోజు మా ఆవిడే నన్ను తట్టి లేపింది. "ఏమండీ, ఒంట్లో బాగానే ఉందా? రాత్రంతా లైటు వెయ్యలేదు" అంది. చూస్తే తెల్లారబోతోంది. అప్పటిదాకా ఒక్కసారి కూడా లేవలేదు.

తర్వాత వెళ్లినప్పుడు డాక్టరు గారు విడమరిచి చెప్పారు. గొంతు మూసుకుపోయినప్పుడు ఛాతీ గాలి కోసం బలంగా లాగుతుంది. ఆ లాగుడుకి లోపలి ఒత్తిడి పడిపోయి గుండె పై గదులు సాగుతాయి. ఒంట్లో నీరు ఎక్కువైనప్పుడు ఎలా సాగుతాయో అలాగే. దాంతో గుండె ఏఎన్‌పీ అనే హార్మోన్ వదులుతుంది, కిడ్నీలు ఉప్పునీ నీటినీ బయటికి తోసేస్తాయి. మెషీన్ గాలి ఒత్తిడితో గొంతును తెరిచి ఉంచితే ఈ తతంగమే మొదలవదు. అది విన్నాక నాకు కళ్లు చెమర్చాయి. అన్నేళ్లుగా రాత్రంతా నా గుండె అంత కష్టపడుతోందని ఒక్క ఈసీజీలోనూ కనపడలేదు మరి.

ఇప్పటికీ ఒకసారి లేస్తాను, చలికాలంలో రెండుసార్లు. ప్రోస్టేట్ వాటా ప్రోస్టేట్‌దే, దాన్ని ఏ గాలీ తగ్గించదు.

బీపీ దారికొచ్చిందని మొదట్లో చుట్టాలందరికీ చెప్పాను. నిజానికి తగ్గింది ఒక మాత్ర డోసు మాత్రమే, అదీ నేను పచ్చళ్లు మానేసిన రోజుల్లోనే. సగటున సీప్యాప్‌తో బీపీ తగ్గేది 2, 3 పాయింట్లేనట. మొండి బీపీ ఉన్నవాళ్లలో ఇంకాస్త. గుండెపోటు రాకుండా ఆపుతుందని కూడా గట్టిగా చెప్పలేం. 2016లో వెలువడిన సేవ్ అనే పెద్ద పరిశోధనలో, అప్పటికే గుండె జబ్బో పక్షవాతమో వచ్చిన 2,700 మందికి పైగా చేరారు. మెషీన్ ఇచ్చినవాళ్లకీ ఇవ్వనివాళ్లకీ గుండెపోట్లు, పక్షవాతాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. వాళ్లు పెట్టుకున్నది సగటున రాత్రికి 3.3 గంటలే అన్నది నిజమే. ఎక్కువసేపు వాడి ఉంటే తేలేదా? ఆ ప్రశ్న ఇంకా నడుస్తోంది.

నాకున్న పెద్ద ఇబ్బంది కట్టుడు పళ్లు. రాత్రి తీసేస్తే బుగ్గలు లోపలికి పోతాయి, ముక్కూ నోరూ కప్పే మాస్క్ పక్కల నుంచి గాలి కళ్లలోకి కొడుతుంది. ముక్కు వరకే ఉండే మాస్క్‌కి మారాక నయం, కానీ జలుబు చేస్తే అదీ పనికిరాదు. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద నడుస్తుంది. అప్పుడు నీళ్లు వేడిచేసే భాగం ఆపేస్తాను, ఎక్కువ కరెంటు లాగేది అదే.

నా గుండె పంపింగ్ బాగుంది, నాది గొంతు మూసుకుపోయే రకం. గుండె బలహీనపడ్డవాళ్లలో మెదడు నుంచే ఊపిరి సంకేతం ఆగే రకం కూడా కనిపిస్తుంది. అలాంటివాళ్లకు ఏఎస్‌వీ అనే మరో రకం మెషీన్ పెట్టి చూస్తే మేలు జరక్కపోగా గుండె మరణాలు పెరిగాయని 2015లో తేలింది. కాబట్టి నా అనుభవం చూసి ఎవరూ నేరుగా కొనేయకండి. స్లీప్ స్టడీ చేయించుకోండి, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారో గుండె డాక్టరుకు కూడా చెప్పండి. నామటుకు నేను ఈ మెషీన్ లేకుండా మా అబ్బాయి ఊరికి కూడా వెళ్లను.