‘వెస్ట్‌వర్డ్ హో’ గాజు గిన్నె కొంటున్నారా? నాలా మోసపోకండి

పాత గాజుసామాను పిచ్చి ఉన్నవాళ్లు, ముఖ్యంగా పెన్సిల్వేనియా వైపు యాంటిక్ మాల్స్ తిరిగేవాళ్లు, ఇది చదివాక పర్సు తీయండి. విక్టోరియా కాలం నాటిదని నమ్మి నేను కొన్న మూత కాంపోట్ (కాడ మీద నిలబడే గాజు గిన్నె) కొత్త అచ్చులో పోసిందని తేలింది. 185 డాలర్లు పోయాయి.

‘వెస్ట్‌వర్డ్ హో’ అనేది అచ్చులో నొక్కి చేసిన గాజు డిజైన్. ఫిలడెల్ఫియాలోని గిలిండర్ అండ్ సన్స్ 1879 ప్రాంతంలో తెచ్చింది. అప్పట్లో పేరు ‘పయనీర్’. గిన్నె చుట్టూ జింక, బైసన్, దుంగల ఇల్లు. మూత మీద పిడిగా మోకాళ్ల మీద కూర్చున్న అమెరికా ఆదివాసీ బొమ్మ. బొమ్మలున్న చోట గాజు మంచు పట్టినట్టు మసకగా ఉంటుంది. మేము ఉండేది ఫిలడెల్ఫియా దగ్గరే. ఊరి సరుకు కదా అన్న మమకారం కొంత, మా ఆయన వద్దంటున్నారన్న పంతం కొంత.

స్టాల్ ఆయన గిన్నె అంచు మీద గోటితో కొట్టి, “విన్నారా, సీసం కలిసిన గాజు, అసలు పాతది” అన్నాడు. కుండ తట్టి చూసి కొనే అలవాటు ఉన్నవాళ్లం, చెవికి మోత వినపడగానే పడిపోయాను. అసలు అనుమానించాల్సింది అక్కడే. 1864లో వీలింగ్ ఊళ్లోని హాబ్స్ బ్రాకునియర్ ఫ్యాక్టరీలో విలియం లీటన్ సీసం లేకుండా సోడా, సున్నంతో చవకైన గాజు చేసే పద్ధతి తెచ్చాక ఈ అచ్చుగాజు ఎక్కువగా దాంతోనే చేశారు. వెస్ట్‌వర్డ్ హో కూడా అలాంటిదే. అంటే అసలైనదైనా సీసం గాజులా గంట మోగినట్టు మోగదు. ఆయన చూపించిన రుజువు ఈ సరుకుకు వర్తించేదే కాదు!

ఇంటికొచ్చాక మా వీధి చివర ఉండే పెద్దావిడ తన నాయనమ్మ కాలం నాటి ఇదే డిజైన్ గోబ్లెట్ (కాడ ఉన్న గ్లాసు) తెచ్చి పక్కన పెట్టారు. రెండిటి మీదా వేలు రాసి చూడమన్నారు. ఆవిడదాని మసక పట్టుబట్టలా జారింది, రంగు కాస్త బూడిద. నాది పలకమీద సుద్ద రాసినట్టు తెల్లగా, గరుగ్గా ఉంది. ఆవిడ జింక ఒంటిమీద వెంట్రుకలు కనపడుతున్నాయి, నా జింక సబ్బుముక్కలా నున్నగా ఉంది. తర్వాత గిన్నె తిరగేశారు. నూరేళ్లు బల్లమీద జరిగిన గాజుకు అడుగున గీతలు అడ్డదిడ్డంగా, ఎత్తైన చోటే పడతాయి. నాదానికి అన్నీ ఒకే దిక్కుకు ఉన్నాయి. గరుకు కాగితం పని.

ఈ డిజైన్‌కు 1930ల నుంచే కాపీలు వస్తున్నాయి. ఎల్. జి. రైట్ కంపెనీ ఇలాంటి పాత డిజైన్లు చాలా మళ్లీ పోయించి అమ్మింది. అందులో తప్పేమీ లేదు, కొత్తదని చెప్పి అమ్మితే నేనూ ముప్పై డాలర్లిచ్చి కొనేదాన్నేమో.

వాపసు అడిగితే స్టాల్ ఆయన రసీదు చూపించాడు. అందులో ‘పాత గాజు గిన్నె, ఉన్నది ఉన్నట్టు’ అని మాత్రమే ఉంది. 1879 లేదు, గిలిండర్ పేరు లేదు. పైగా నేనిచ్చింది క్యాష్. అందుకే ముందే డిజైన్ పేరు, తయారీదారు, సుమారు సంవత్సరం, ‘అసలైనది’ అన్న మాట బిల్లు మీద రాయించుకోండి. రాయడానికి నసిగితే గిన్నె కింద పెట్టేసి వచ్చేయండి. కార్డు మీద కొంటే ఫిర్యాదుకు కొంత దారి ఉంటుంది.

అదే స్టాల్‌లో ముదురు వంకాయ రంగు గోబ్లెట్లు కూడా ఉన్నాయి, ‘ఎండకు రంగు మారినవి’ అని చీటీ. గాజు తెల్లగా రావడానికి మాంగనీస్ కలిపేవారు, అది ఏళ్ల తరబడి ఎండలో ఉంటే లేత ఊదా రంగు తేలుతుంది. కానీ రేడియేషన్ పెట్టి ముదురు రంగు తెప్పించి అమ్మేవాళ్లున్నారు. అలా చేస్తే మంచి పాత గాజు కూడా పాడైనట్టే. అంత చిక్కటి రంగు కనపడితే దూరం.

నా కాంపోట్‌లో ఇప్పుడు వక్కపొడి పొట్లాలు ఉన్నాయి. అడుగున డైమండ్ పెన్నుతో ‘రీప్రొడక్షన్’ అని గీయించాను, రేపు ఎవరి చేతికి వెళ్లినా దీన్ని మళ్లీ 1879దని అమ్మకుండా.