ట్రూ క్రైమ్ సెట్ ఆర్డర్ పెట్టేముందు ఇది చదవండి

డబ్బు కోసం జరిగిన హత్యల నిజకథలంటూ ఆన్‌లైన్‌లో రెండు భాగాల పుస్తకాల సెట్ ఒకటి అమ్ముతున్నారు. నల్ల అట్ట, దాని మీద నెత్తురు మరకలు, ఇంతవరకూ ఎవరూ చెప్పని నిజాలు అని పెద్ద అక్షరాలు. మొదటి భాగం కొని పూర్తిగా చదివాను. దయచేసి కొనకండి.

రచయిత పేరు లేదు. ఏ కేసు వివరాలు ఎక్కడ సేకరించారో ఒక్క ముక్క లేదు. ఒకే పేరా, పేర్లు మాత్రం మార్చి, రెండు అధ్యాయాల్లో కనిపిస్తుంది. ఇవన్నీ సర్దుకోవచ్చేమో కానీ తప్పులతో సర్దుకోలేం.

బర్క్, హేర్‌లు 1828లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరాలో సమాధులు తవ్వి శవాలు అమ్మారని రాశారు. వాళ్లు ఒక్క సమాధి కూడా తవ్వలేదు. హేర్ ఇంట్లో అద్దె బాకీతో చనిపోయిన ఒక ముసలాయన శవాన్ని, విద్యార్థులకు శవాలు కోసి పాఠాలు చెప్పే డాక్టర్ నాక్స్‌కి అమ్మితే, బాకీ తీరగా పైన డబ్బు మిగిలింది. దానికి రుచి మరిగి 16 మందిని చంపి అమ్మారు. చచ్చినవాణ్ని అమ్మడం నుంచి బతికున్నవాళ్లను చంపడం దాకా ఎలా వెళ్లారన్నదే ఆ కేసులో ఒళ్లు జలదరించే విషయం. సరిగ్గా దాన్నే ఎగరగొట్టారు. పైగా ఇద్దరినీ ఉరి తీశారట! 1829లో ఉరి పడింది బర్క్‌కి మాత్రమే. హేర్ అప్రూవర్‌గా మారి బయటపడ్డాడు.

శవాలను యాసిడ్‌లో కరిగించిన ఇంగ్లండ్ హంతకుడు జాన్ జార్జ్ హేగ్ మీదైతే పేజీలకు పేజీలు రక్తం తాగే రాక్షసుడనే వర్ణనే. రక్తం తాగానన్నది ఉరి తప్పించుకోవడానికి పిచ్చి ఉందని చూపించేందుకు అతను చెప్పిన మాట. జ్యూరీ నమ్మలేదు. అసలు సంగతి ఆస్తి. మెక్‌స్వాన్ కుటుంబంలో ముగ్గుర్నీ చంపి, దొంగ పత్రాలతో వాళ్ల ఆస్తులు అమ్ముకున్నాడు. యాసిడ్‌లో శవం కరిగిపోతే కేసు నిలవదనుకున్నాడు. 1949లో చంపిన ఆఖరి మనిషి కట్టుడు పళ్లు కరగలేదు, డెంటిస్ట్ గుర్తుపట్టారు. ఆమె కోటు డ్రైక్లీనింగ్ రసీదు అతని వర్క్‌షాప్‌లో దొరికింది. ఆ రసీదు ఊసే ఈ పుస్తకంలో లేదు.

నెత్తుటి వర్ణనల కోసం నేను ఈ కథలు చదవను. డబ్బు మీద ఆశ అందరికీ తెలిసిందే కాబట్టి, మామూలుగా కనిపించే మనిషి ఎక్కడ గీత దాటాడో తెలుసుకోవాలనిపిస్తుంది. వీలునామా, బీమా పాలసీ, రసీదు ఒక్కొక్కటే బయటపడుతుంటే పుస్తకం కింద పెట్టలేం. ఇంగ్లండ్‌లో జార్జ్ జోసెఫ్ స్మిత్ అనేవాడు పెళ్లాడిన ముగ్గురు ఆడవాళ్లు స్నానపు తొట్టెల్లో చనిపోయారు. అందులో ఒకామె చనిపోయింది వీలునామా రాసిన వారంలోపే. ఇంకొకామె తండ్రి, మూడో ఆవిడ చావు వార్త పేపర్లో చదివి, అచ్చం తన కూతురి చావులాగే ఉందని పోలీసులకు తెలియజేశాడు. 1915లో స్మిత్‌ని ఉరితీశారు. ఆ తండ్రి లేకుండా ఈ కథ ఎలా చెబుతారు? వీళ్లు చెప్పేశారు.

ఇలాంటి సంకలనం ఏది కొనాలన్నా ముందు శాంపిల్ పేజీలు తెరవండి. బర్క్ కథ ఉంటే సమాధులు తవ్వారన్న మాట ఉందేమో చూడండి, ఉంటే వదిలేయండి.

రిటర్న్ అడిగితే ప్యాకింగ్ విప్పిన పుస్తకం వెనక్కి తీసుకోం అన్నారు. అమ్మకం పేజీలో ఆ నియమం ఎక్కడా లేదు. రెండో భాగం ఆర్డర్ పెట్టినవాళ్లు అది బయల్దేరకముందే క్యాన్సిల్ చేసుకోండి. ఇప్పటికే చేతికి వచ్చి ఉంటే, సీల్ విప్పకుండా రిటర్న్ పెట్టండి.