పటిక పట్టించిన బట్టతో డీజిల్ వడపోత: రెండు వానాకాలాలు వాడాక

మాది పరకాల పక్కన ఊరు. బంకు దూరం కాబట్టి ట్రాక్టర్‌కు డీజిల్ డ్రమ్ములో తెచ్చి పెట్టుకుంటాం. డ్రమ్ము సగం ఖాళీ అయిందంటే రాత్రి చలికి లోపలి గాలిలో తేమ రేకుకు పట్టి, నీరై అడుగుకు దిగుతుంది. వానలప్పుడు మూత దగ్గర కారేది వేరే. ఆ నీళ్లు ఒకసారి ట్రాక్టర్ డీజిల్ పంపులోకి పోయి, సరిగ్గా నాట్లప్పుడు బండి నాలుగు రోజులు షెడ్డులో పడింది. డీజిల్‌ను వదిలి నీళ్లను ఆపే ఈ పటిక బట్ట అప్పటి నుంచి వాడుతున్నా.

కోరా బట్టను గంజి పోయేదాకా ఉడికించి ఉతకాలి. వేడి సబ్బు నీళ్లలో నానబెట్టి, పిండి, పటిక కరిగించిన నీళ్లలో ముంచి ఆరేయాలి. సబ్బులోని కొవ్వు, పటికలోని అల్యూమినియం కలిసి నీళ్లలో కరగని పొరగా పోగులకు పట్టుకుంటాయి. డిటర్జెంట్ పౌడర్‌తో ఇది కాదు. మొదటి బట్ట అలాగే పాడుచేసుకున్నా. నూనెతో చేసిన పాత రకం సబ్బే కావాలి. తమాషా ఏంటంటే, చేనులో తీసిన పత్తికి పుట్టుకతోనే మైనం ఉంటుంది, నీళ్లలో వేస్తే తేలుతుంది. ఆ మైనాన్ని మిల్లులో కాస్టిక్ సోడాతో తీసేస్తారు. మనం కూర్చుని మళ్లీ ఇంకోటి పూయాలి!

గరాటాలో పరిచి ముందు కాస్త మంచి డీజిల్‌తో తడపాలి. తర్వాత పోస్తే డీజిల్ దిగిపోతుంది, నీళ్లు చామాకు మీద చుక్కల్లా పైనే దొర్లుతుంటాయి. చూడ్డానికి బాగుంటుంది కానీ తొందరపడొద్దు. నీళ్లు బరువు కాబట్టి బట్ట మీద కింద చేరి డీజిల్‌కు దారి మూసేస్తాయి. ఎక్కువ నిలిస్తే ఆ బరువుకు నీళ్లే కారిపోతాయి. అందుకే కొంచెం కొంచెం పోసి, నిలిచిన నీళ్లు మధ్యమధ్యలో ఒంపేయాలి. ఇరవై లీటర్లకు అరగంట పడుతుంది.

మా బావమరిదికి వాటర్ సర్వీసింగ్ షాపు ఉంది. గుంతలో నూనె తీద్దామని అక్కడా పెట్టి చూశాం, దండగ. షాంపూ కలిసిన నీళ్లు పాలలా అయిపోతాయి, బట్టలోంచి కూడా నేరుగా దిగుతాయి. డీజిల్‌లోనూ తెల్లగా కలిసిపోయిన నీళ్లను ఈ బట్ట ఆపదు. అందుకే ట్రాక్టర్ ఫిల్టర్ కింది గిన్నె విప్పి చూడడం నేను మానలేదు.

ఒక బట్ట నాకు పంట కాలం సగం వరకు వస్తుంది. తర్వాత మడ్డి పట్టి నెమ్మదిస్తుంది. పోయినసారి మా ఆవిడ పాపం మురికిగా ఉందని సర్ఫు వేసి శుభ్రంగా ఉతికింది. ఇప్పుడది బండి తుడిచే గుడ్డ.