హన్మకొండలో స్కాలర్‌షిప్ దరఖాస్తు: ఒక ఆన్‌లైన్ సెంటర్ పనితీరు

ఇంటర్ ముగించి ఇంజనీరింగ్‌లో చేరిన మా అమ్మాయికి ఈపాస్ (తెలంగాణ ప్రభుత్వ స్కాలర్‌షిప్, ఫీజుల పోర్టల్) దరఖాస్తు కోసం హన్మకొండ చౌరస్తా దగ్గరి ఒక ఆన్‌లైన్ సెంటర్‌కు వెళ్లాము. ట్యూషన్ ఫీజు వేరు, విద్యార్థి ఖర్చులకిచ్చే మెయింటెనెన్స్ ఫీజు వేరు అనీ, 75 శాతం హాజరు తప్పనిసరి అనీ, బీసీ విద్యార్థికి ఈఏపీసెట్ ర్యాంకు పది వేలు దాటితే ఫీజు మొత్తానికి బదులు 35,000 రూపాయల వరకే వస్తుందనీ అక్కడి యువకుడు కాగితాలు ముట్టుకోకముందే విడమరిచి చెప్పాడు. ఈ ఓపిక నాకు నచ్చింది.

టైపింగ్ దగ్గర మాత్రం తొందర ఎక్కువ. పదో తరగతి మెమోలో పొడి అక్షరంగా ఉన్న ఇంటిపేరును అతడు పూర్తి పేరుగా టైప్ చేశాడు. నేను తెరను చూస్తూ కూర్చోకపోతే పేరు తేడాతో దరఖాస్తు అక్కడే నిలిచిపోయేది. బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానమైందో లేదో కూడా మేమే అడిగి చూపించుకోవలసి వచ్చింది.

అసలు లోపం మరొకటి. మా వెంట వచ్చిన పక్కింటివారి ఆదాయం మూడు లక్షలని వినగానే, ఈపాస్ పరిమితి పట్టణాల్లో రెండు లక్షలే గనుక వారికి ఏదీ రాదని తేల్చేశాడు. కానీ ఇంటర్‌లో తమ బోర్డులో మొదటి 20 శాతంలో నిలిచి, కుటుంబ ఆదాయం 4.5 లక్షలు మించని వారికి కేంద్రం డిగ్రీలో ఏటా 12,000 రూపాయలిస్తుంది. దానికి జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. ఆ మాట అతడు చెప్పనేలేదు. పక్కింటి అబ్బాయి దరఖాస్తు చివరికి మా ఇంట్లోనే నింపాము.