గుటెన్‌బర్గా, ఇంటర్నెట్ ఆర్కైవా?
పాత పుస్తకాన్ని కుదురుగా చదవాలంటే ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే ఈ-పుస్తకాల సైటుకే నా ఓటు. 1971లో మైకేల్ హార్ట్ అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను టైపు చేయడంతో ఇది మొదలైంది. ఇప్పుడు 70,000కు పైగా పుస్తకాలున్నాయి, ఎక్కువగా ఇంగ్లీషువే. డబ్బు కట్టక్కర్లేదు, అకౌంట్ గొడవ లేదు. ఈపబ్ (ఈ-బుక్ ఫైలు) దించుకుని ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసుకుని చదువుకోవచ్చు.

కూపీ లాగే బుద్ధి ఉన్నవాళ్లకు మాత్రం 1996లో బ్రూస్టర్ కేల్ స్థాపించిన ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఆన్‌లైన్ లైబ్రరీని మించింది లేదు. పుస్తకాల స్కాన్లు, పాత రేడియో కార్యక్రమాలు, బ్రౌజర్‌లోనే ఆడుకునే పాత గేములు... ఒకటా రెండా! వెతకడానికి కాస్త ఓపిక కావాలి. ఒకే పుస్తకానికి నాలుగైదు కాపీలు తగులుతుంటాయి. అసలు నిధి అందులోని వేబ్యాక్ మెషీన్. ఏదైనా సైటు అడ్రస్ కొడితే క్యాలెండర్ వస్తుంది, పేజీని దాచిన తేదీల మీద రంగు చుక్కలుంటాయి. ఒక చుక్క నొక్కితే ఆనాటి పేజీ తెరుచుకుంటుంది. అక్కడక్కడా బొమ్మలు రాకపోవచ్చు, రాతలు మాత్రం చాలావరకు ఉంటాయి. మూతపడ్డ సైట్లు, చడీచప్పుడు లేకుండా మార్చేసిన వాక్యాలు ఇలాగే బయటపడతాయి. ఈసారి ఏదైనా లింకు పనిచేయకపోతే, వదిలేసే ముందు ఆ అడ్రస్ ఇక్కడ కొట్టి చూడండి.