ఫొటోలు, పెయింటింగ్‌లు: ఒకే గ్యాలరీలోనా, విడివిడిగానా?

నేను ఫొటోలు తీస్తాను, బొమ్మలూ వేస్తాను. చాలాకాలం రెండింటినీ నా సైట్‌లో ఒకే పేజీలో కలిపి ఉంచాను. చూసినవాళ్లు బాగున్నాయనేవారు. కొనాలనుకున్నవాళ్లు మాత్రం ముందుగా ఒకటే అడిగేవారు: "ఇది ఒరిజినలా, ప్రింటా?" పేజీ చూసినా వాళ్లకి అది తెలియడం లేదంటే, లోపం పేజీలోనే ఉందని నాకు అర్థమైంది.

పెయింటింగ్ ఒక్కటే ఉంటుంది, అమ్మితే చేతిలోంచి పోతుంది. ఫొటో అలా కాదు. ఒక ఫైలు నుంచి ఎన్ని ప్రింట్లయినా తీయొచ్చు, కాబట్టి ఎన్ని కాపీలకు పరిమితం చేస్తున్నామో ముందే చెప్పాలి. పెయింటింగ్ కొనేవాళ్లకి ఏ రంగులు వాడామో, కాన్వాస్ కొలత ఎంతో, ఫ్రేమ్ ఉందో లేదో, కుంచె గీతలు దగ్గర నుంచి ఎలా కనిపిస్తాయో కావాలి. ఫొటో కొనేవాళ్లకి కాగితం, సైజు కావాలి. ఆ సైజు కూడా ఊరికే రాసేది కాదు. 24 మెగాపిక్సెల్ ఫొటో సుమారు 6000×4000 పిక్సెల్స్ ఉంటుంది. అంగుళానికి 300 పిక్సెల్స్ చొప్పున ప్రింట్ చేస్తే 20×13 అంగుళాలు వస్తుంది. గోడకు పెట్టి దూరం నుంచి చూసేదైతే 200 చొప్పున 30×20 వరకూ వెళ్లొచ్చు. ఇన్ని తేడాలున్న రెండు వస్తువుల్ని ఒకే వరుసలో పెడితే రెండింటి వివరాలూ అరకొరగానే మిగులుతాయి.

అందుకే నా ఓటు విడివిడి గ్యాలరీలకే. ఒక్క సందర్భంలో మాత్రం కలపడం మేలు. ఒకే నదిని ఏడాదిపాటు ఫొటోలు తీసి, అదే నదిని బొమ్మలుగానూ వేశారనుకోండి, ఆ సిరీస్‌ను విడదీస్తే దాని ప్రాణం పోతుంది. అప్పుడు కలిపే చూపించి, ప్రతి దాని కింద "ఒరిజినల్" అనో "ప్రింట్" అనో స్పష్టంగా రాస్తే చాలు.

ఇక ఎన్ని పెట్టాలి? రెండు వందలకంటే ఇరవై మేలు. ఏరడం బాధగానే ఉంటుంది. కానీ బలహీనమైన ఫొటో పక్కనున్న మంచి ఫొటో విలువను కూడా లాగేస్తుంది.

ఎవరూ కాజేయకుండా వాటర్‌మార్క్ (బొమ్మ మీద పేరు ముద్ర) వేయాలా, చిన్న సైజు ఫైలు పెట్టాలా అన్నది చాలామందికి టెన్షన్. నేను రెండూ చేసి చూశాను. బొమ్మ మధ్యలో పేరు అడ్డంగా వేస్తే దొంగకంటే ముందు కొనేవాడికే ఇబ్బంది. పొడవు వైపు 1500 పిక్సెల్స్ పెడితే తెరమీద చక్కగా కనిపిస్తుంది, 300 లెక్కన ప్రింట్ తీస్తే 5 అంగుళాలే వస్తుంది. దాంతో గోడకు పెట్టే మంచి ప్రింట్ రాదు. నెట్‌లో ఎవరో వాడుకోవడాన్ని ఇది ఆపదు, నిజమే. కనీసం అది ఎవరిదో తెలిసేలా ఫైలు మెటాడేటాలో (ఫైలు లోపలే దాగి ఉండే సమాచారంలో) మీ పేరు, కాపీరైట్ వివరం రాసి పెట్టండి. కొన్ని సైట్లు అప్‌లోడ్ చేసేటప్పుడు దాన్ని తుడిచేస్తాయి. అందుకే ఒకసారి డౌన్‌లోడ్ చేసి చూసుకోండి.

రంగుల విషయంలో పోటీయే లేదు. నెట్‌లో పెట్టేవి ఎస్‌ఆర్‌జీబీలోనే (తెరలన్నీ మామూలుగా వాడే రంగుల ప్రమాణం) సేవ్ చేయాలి. అడోబీ ఆర్‌జీబీ అనే మరో ప్రమాణంలో పెడితే కొన్నిచోట్ల రంగులు వెలిసినట్టు కనిపిస్తాయి. పెయింటింగ్‌ని ఫొటో తీసేటప్పుడు రెండువైపుల నుంచి 45 డిగ్రీల కోణంలో ఒకేలాంటి లైట్లు పెడితే మెరుపు తగ్గుతుంది. తెరమీద చూసిన ఎరుపు ఒకటి, పార్శిల్ విప్పితే వచ్చిన ఎరుపు ఒకటి అయితే, ఆ కొన్నవారి నమ్మకాన్ని మళ్లీ సంపాదించడం కష్టం.

ధర చూపించాలా, "సంప్రదించండి" అని రాయాలా? చూపించండి. ధర అడగడానికి మొహమాటపడి వెళ్లిపోయేవాళ్లు ఉంటారు, వాళ్ల సంగతి మనకు ఎప్పటికీ తెలియదు. ఆర్డర్ మీద వేసే బొమ్మలకి మాత్రం కొలత, సమయాన్ని బట్టి ధర మారుతుంది కాబట్టి ఎక్కడి నుంచి మొదలవుతుందో చెబితే సరిపోతుంది.

అమ్ముడైన పెయింటింగ్‌ల దగ్గర నేనింకా తడబడుతూనే ఉంటాను. తీసేస్తే పేజీ శుభ్రంగా ఉంటుంది, ఉంచితే మన పని కొనేవాళ్లున్నారని కొత్తవాళ్లకి తెలుస్తుంది. ప్రస్తుతానికి బాగా నచ్చిన నాలుగైదింటిని "అమ్ముడైంది" అని రాసి, అట్టడుగు వరుసలో ఉంచాను.