అందరికీ ఒకే ప్రీమియం సరే, దాని వెంట ఏ నిబంధన ఉంటే మేలు?

జబ్బుమనిషిని చూసి బీమా కంపెనీ మొహం చాటెయ్యకూడదని చట్టం చెయ్యడానికి రెండు వాక్యాలు చాలు. అడిగిన ప్రతివారికీ పాలసీ ఇవ్వాలి. ఆరోగ్యాన్ని బట్టి ప్రీమియం మార్చకూడదు. చిక్కంతా మూడో వాక్యం దగ్గరే ఉంది. ఆరోగ్యంగా ఉన్నన్నాళ్లూ బయట ఉండి, జబ్బు చేశాక వచ్చి చేరేవాణ్ణి ఏం చెయ్యాలి? దీనికి ఒక్కో ప్రభుత్వం ఒక్కో జవాబు ఇచ్చింది: ఏమీ చెయ్యకపోవడం, చేరనివాడికి జరిమానా, ఆలస్యంగా చేరినవాడికి అదనపు ప్రీమియం, రోగులకు వేరే పూల్ (అంటే వాళ్లకే ప్రత్యేకంగా ఒక బీమా బృందం). ప్రతి జవాబుకూ చట్టం రాసినవాళ్లు అనుకోని ఫలితాలు తోడొచ్చాయి. వాటిని బట్టే ఇక్కడ పోల్చి చూద్దాం.

ముందు లెక్క. వెయ్యి మంది ఉన్నారు. అందులో వందమంది రోగులకు ఏడాదికి తలా 50,000 ఖర్చు, మిగతా తొమ్మిది వందల మందికి తలా 2,000. మొత్తం 68 లక్షలు. అందరికీ ఒకటే ప్రీమియం అంటే తలకు 6,800. రెండు వేలు ఖర్చయ్యేవాడు 6,800 ఎందుకు కడతాడు? ఆరోగ్యవంతుల్లో మూడు వందల మంది తప్పుకున్నారనుకోండి. మిగిలిన ఏడు వందల మంది ఖర్చు 62 లక్షలు, ప్రీమియం 8,857. ఆ రేటు చూసి ఇంకో మూడు వందల మంది వెళ్లిపోతే 14,000. రెండే రెండు రెన్యువల్ సీజన్లలో ప్రీమియం రెట్టింపు దాటింది. కంపెనీ ఎక్కడా మోసం చెయ్యలేదు, చట్టాన్ని ఎవరూ ఉల్లంఘించలేదు.

మూడో వాక్యం రాయకపోతే

ఈ దారికి అమెరికా రాష్ట్రాలు 1990లలో మూల్యం చెల్లించాయి. న్యూయార్క్ 1993 నుంచి వయసుతో సహా ఏ తేడా లేకుండా ఒకే రేటు పెట్టింది, అందరినీ చేర్చుకోమంది, చేరి తీరాలని మాత్రం ఎవరికీ చెప్పలేదు. సొంతంగా పాలసీ కొనుక్కునేవాళ్ల మార్కెట్ ఏళ్ల తరబడి కుంచించుకుపోయింది. 2014లో ఒబామాకేర్ అనే దేశవ్యాప్త చట్టం అమలుకు వచ్చే ముందు, కొత్త ప్రీమియంలు పాతవాటిలో సగటున సగమే ఉంటాయని ఆ రాష్ట్రమే ప్రకటించింది. పాత రేట్లలో ఎంత భాగం బయట ఉండిపోయినవాళ్ల వల్ల పెరిగిందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

వాషింగ్టన్ రాష్ట్రం కథ ఇంకా పాఠం చెబుతుంది. అక్కడ 1993 చట్టంలో మూడో వాక్యం ఉంది: అందరూ దశలవారీగా బీమా తీసుకోవాలి. 1995లో కొత్త శాసనసభ ఆ బాధ్యతను కొట్టేసి, అందరినీ చేర్చుకోవాలన్న వాక్యాన్ని మాత్రం ఉంచింది. ముందునుంచి ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ మూడే నెలలు. మోకాలి ఆపరేషన్ లాంటివి మూడు నెలలు ఆగగలవు, కాబట్టి డాక్టర్ చెప్పాక చేరి, పని అయ్యాక మానేసే వీలు దొరికింది. 1999 నాటికి రాష్ట్రంలో దాదాపు ఎక్కడా సొంతంగా కొత్త పాలసీ కొనే దారి లేకుండా పోయింది. ఎవరినీ కాదనకూడదన్న నిబంధన చివరికి అందరినీ కాదనే స్థితికి తెచ్చింది. 2000లో చట్టం మార్చి, ఆరోగ్య ప్రశ్నావళి పెట్టుకోనిచ్చారు. అందులో అత్యంత ఖరీదైన రోగులుగా తేలిన సుమారు 8 శాతం మందిని వేరే పూల్‌కు పంపారు. అప్పుడుగానీ కంపెనీలు తిరిగి రాలేదు.

జరిమానా పెడితే

మసాచుసెట్స్ 2006లో ఈ దారి పట్టింది, దేశమంతటా 2014లో అమలైంది. దేశవ్యాప్త చట్టంలో జరిమానా 2016 నాటికి పెద్దలకు తలా 695 డాలర్లు లేదా ఆదాయంలో 2.5 శాతం, ఏది ఎక్కువైతే అది. చాలామందికి ప్రీమియం అంతకు కొన్ని రెట్లు ఉంటుంది. అంటే లెక్క వేసుకున్న ఆరోగ్యవంతుడికి జరిమానాయే చవక. జరిమానా దారిలో మొదటి లోపం ఇదే: నిజంగా పనిచేసే స్థాయిలో పెడితే ఓట్లు పోతాయి, ఓట్లు పోని స్థాయిలో పెడితే పని చెయ్యదు.

రెండో లోపం సందుల్లో ఉంటుంది. ప్రీమియంలో కొంత ప్రభుత్వం భరించే సబ్సిడీ పాలసీలకు ప్రీమియం ఆగినా 90 రోజుల గ్రేస్ పీరియడ్ ఇచ్చారు. పేదవాడికి ఒక నెల జీతం ఆలస్యమైతే పాలసీ పోకూడదన్నది ఉద్దేశం, మంచిదే. కానీ అక్టోబరు నుంచి కట్టడం మానేసి, జనవరిలో కొత్త ఏడాది పాలసీలో చేరే వీలు కూడా అందులోనే ఉంది. ఆ మూడు నెలల్లో జబ్బు చేస్తే బకాయి కట్టి క్లెయిమ్ తెచ్చుకోవచ్చు, చెయ్యకపోతే మూడు నెలల ప్రీమియం మిగులు. 2017లో, పాత బకాయి తీర్చాకే కొత్త పాలసీ ఇవ్వడానికి కంపెనీలకు అనుమతిచ్చి దీన్ని మూశారు.

2019 నుంచి ఆ జరిమానా సున్నా అయింది. వాషింగ్టన్‌లా మార్కెట్ కూలిపోవాలి కదా? కూలలేదు. సబ్సిడీ అక్కడ ప్రీమియంతో పాటే పెరుగుతుంది, కాబట్టి అర్హులైనవాళ్లకు పెంపు తగల్లేదు. ఆ బరువు సబ్సిడీకి కొంచెం పైన ఆదాయం ఉన్న స్వయం ఉపాధి కుటుంబాల మీద పడింది. ఏడాదిలో కొన్ని వారాలే చేరికకు తలుపు తెరవడం కూడా కాపాడింది. నన్నడిగితే, జరిమానా కంటే చేరిక గడువే ఎక్కువ పనిచేసే నిబంధన. రోగం వచ్చిన రోజున చేరలేమన్న భయం పన్ను నోటీసు కంటే బలమైంది.

సబ్సిడీ లెక్కలోనూ ఒక వింత జరిగింది. తక్కువ ఆదాయంవాళ్ల డిడక్టబుల్ (బీమా చెల్లించేముందు రోగి జేబులోంచి పెట్టాల్సిన మొత్తం) తగ్గించినందుకు కంపెనీలకు ఇచ్చే డబ్బును ప్రభుత్వం 2017 అక్టోబరులో ఆపేసింది. డిడక్టబుల్ తగ్గించే బాధ్యత మాత్రం కంపెనీల మీద అలాగే ఉంది. అక్కడ పాలసీలు కవరేజీని బట్టి బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ లాంటి స్థాయిల్లో ఉంటాయి, మామూలుగా బ్రాంజ్ చవక, గోల్డ్ ఖరీదు. ఆ రాయితీ సిల్వర్ స్థాయి పాలసీలకే వర్తిస్తుంది కనుక, చాలా కంపెనీలు ఆ ఖర్చంతా సిల్వర్ ప్రీమియంలో కలిపేశాయి. అందరి సబ్సిడీనీ లెక్కించేది రెండో చవకైన సిల్వర్ పాలసీ ధర మీద! దాంతో సబ్సిడీలు ఉబ్బాయి. చాలామందికి బ్రాంజ్ పాలసీ ఉచితంగా వచ్చింది, కొన్నిచోట్ల గోల్డ్ సిల్వర్ కంటే చవకైంది. ఖర్చు ఆపబోతే ఖజానా మీద ఇంకోవైపు నుంచి ఖర్చు పెరిగింది.

జరిమానాను నెదర్లాండ్స్ గట్టిగా అమలు చేసింది. 2006లో అందరికీ బీమా తప్పనిసరి చేశాక, పౌర రికార్డులనూ బీమా రికార్డులనూ సరిపోల్చి, పాలసీ లేనివాళ్లకు ఉత్తరం పంపుతారు. మూడు నెలల గడువు, ఆ తరవాత జరిమానా, మళ్లీ జరిమానా. అప్పటికీ చేరకపోతే ప్రభుత్వ సంస్థే పాలసీ తీసి, ప్రీమియం జీతంలోంచి కోస్తుంది. ఆరు నెలల ప్రీమియం ఎగ్గొట్టినవాళ్లకు సాధారణ ప్రీమియం కంటే ఎక్కువ కోత పెట్టారు. ఇక్కడే బెడిసికొట్టింది. అప్పులో ఉన్నవాడి దగ్గర ఎక్కువ కోస్తే పాత బకాయి ఎప్పటికి తీరుతుంది? 2014 చివరికి ఆ జాబితాలో మూడు లక్షల మందికి పైగా పేరుకుపోయారు. తరవాత ఆ అదనాన్ని తగ్గించారు.

ఆలస్యానికి అదనం వేస్తే

ఆస్ట్రేలియాలో ప్రైవేటు బీమా తప్పనిసరి కాదు, ప్రభుత్వ వైద్యం ఎలాగూ ఉంది. ప్రైవేటు ఆసుపత్రి కవరు ఉన్నవాళ్లు 1990ల చివరికి జనాభాలో దాదాపు 30 శాతానికి పడిపోయారు. 2000 జులైలో కొత్త నియమం వచ్చింది: 30 దాటాక చేరితే, దాటిన ప్రతి ఏడాదికీ ప్రీమియం మీద 2 శాతం అదనం, గరిష్ఠంగా 70 శాతం. నలభయ్యో ఏట చేరితే 20 శాతం, యాభయ్యో ఏట 40. పదేళ్లు ఆగకుండా కడితే అదనం పోతుంది. అమలుకు ముందు ఇచ్చిన గడువులో జనం క్యూ కట్టారు, కవరేజీ 45 శాతం దగ్గరికి చేరింది. ఐర్లండ్ 2015లో ఇలాంటిదే తెచ్చింది, అక్కడ లెక్క 34 దాటాక మొదలవుతుంది.

దీని అందం ఏమిటంటే ఇన్‌స్పెక్టర్ అక్కర్లేదు, నోటీసు అక్కర్లేదు. రోజుల లెక్క కంపెనీయే చూసుకుంటుంది. ఆస్ట్రేలియాలో మధ్యలో పాలసీ లేకుండా గడిపిన రోజులు జీవితం మొత్తంలో 1,094 వరకే మన్నిస్తారు. దెబ్బ తినేది ఎవరంటే, గడువు దాటిపోయిన నడివయసువాడు. 40 శాతం అదనం కనబడగానే, ఇక ఎప్పటికీ వద్దనుకుంటాడు. చేర్చడానికి పెట్టిన రేటే గోడ అవుతుంది.

అక్కడ పక్కనే ఇంకో నిబంధన కూడా ఉంది. ఆదాయం ఎక్కువ ఉండి ఆసుపత్రి పాలసీ లేకపోతే అదనపు పన్ను. దాన్ని తప్పించుకోవడానికే దాదాపు ఏమీ కవరు చెయ్యని చవక పాలసీలు పుట్టుకొచ్చాయి. 2019లో గోల్డ్ నుంచి బేసిక్ దాకా నాలుగు స్థాయిలు పెట్టి, ఏ స్థాయిలో ఏం ఉండాలో రాశారు. కాన్పు తప్పనిసరిగా ఉండేది గోల్డ్‌లోనే. 12 నెలల వెయిటింగ్ ముందుగా లెక్కేసుకుని గోల్డ్‌కు మారడం, కాన్పయ్యాక దిగిపోవడం మొదలైంది. పైన చెప్పిన వెయ్యి మంది లెక్క ఇప్పుడు గోల్డ్ స్థాయి లోపల నడుస్తోంది.

రోగులకు వేరే పూల్

వినడానికి ఇదే అన్నిటికంటే పొదుపు. ఖరీదైన కొద్దిమందిని పక్కకు తీసి ప్రభుత్వం భరిస్తే, మిగతావాళ్ల ప్రీమియం తగ్గుతుంది. అమెరికాలో 35 రాష్ట్రాలు నడిపాయి. డబ్బు చాలనప్పుడు ఏం చేశాయో చూడండి: ప్రీమియం మామూలు రేటు మీద ఒకటిన్నర రెట్లు, రెండు రెట్లు దాకా, కొన్నిచోట్ల వెయిటింగ్ లిస్టు. ఉన్న జబ్బుకే కొన్ని నెలలు కవరు లేకపోవడం మరీ విడ్డూరం, ఆ జబ్బు ఉన్నందుకే కదా వాళ్లను అక్కడికి పంపింది! 2010లో కేంద్రం 5 బిలియన్ డాలర్లతో తాత్కాలిక పూల్ పెట్టింది. చేరాలంటే ఆరు నెలలు బీమా లేకుండా ఉండాలన్నారు. రోగి బీమా లేకుండా ఆరు నెలలు బతికి చూపించాలన్నమాట. లక్ష మంది చేరేసరికే డబ్బు కరిగిపోయి, 2013 మొదట్లో కొత్త చేరికలు ఆపేశారు.

ఏ దారిలోనైనా మిగిలే పని

రోగిని చేర్చుకున్న కంపెనీ నష్టపోతున్నంత కాలం, రోగి రాకుండా చూసే మార్గం వెతుకుతూనే ఉంటుంది. తలుపు దగ్గర ఆపకూడదంటే మందుల జాబితాలో ఆపుతుంది. 2014లో ఫ్లోరిడాలో కొన్ని కంపెనీలు హెచ్ఐవీ మందులన్నిటినీ, జనరిక్స్‌తో సహా, రోగి వాటా అత్యధికంగా ఉండే శ్రేణిలో పెట్టాయని ఫిర్యాదు దాఖలైంది. క్యాన్సర్ ఆసుపత్రిని నెట్‌వర్క్‌లోంచి తీసెయ్యడమూ ఈ కోవలోదే.

విరుగుడు కంపెనీల మధ్య సర్దుబాటు నిధి. ఆరోగ్యవంతులు ఎక్కువున్న కంపెనీ కడుతుంది, రోగులు ఎక్కువున్న కంపెనీ పుచ్చుకుంటుంది. ఎంత అన్నది దేన్నిబట్టి లెక్కేస్తారన్నదే కీలకం. స్విట్జర్లాండ్ 1996 నుంచి 2011 దాకా వయసు, ఆడ మగ తేడా మాత్రమే చూసింది. ఒకే వయసువాళ్లలో రోగులను వదిలించుకున్న కంపెనీకి అది లాభమే కనుక, కొన్ని గ్రూపులు యువకుల కోసం చవక అనుబంధ కంపెనీలు తెరిచాయి. జర్మనీ 2009లో రోగనిర్ధారణలను కూడా కలిపింది. అక్కడ కథ తిరగబడి, రోగి ఎంత జబ్బుగా కనబడితే అంత డబ్బయింది. రికార్డుల్లో జబ్బుల తీవ్రత పెంచి రాసేలా కంపెనీలు డాక్టర్లను ప్రోత్సహిస్తున్నాయని 2016లో టెక్నికర్ అనే పెద్ద బీమా సంస్థ అధిపతి జెన్స్ బాస్ బహిరంగంగా ఒప్పుకున్నారు. మరుసటి ఏడాది అలాంటి చెల్లింపులను చట్టం నిషేధించింది. అయినా ఈ రెండు తప్పుల్లో నేను జర్మనీ తప్పునే ఎంచుకుంటాను. కాగితం మీద ఎక్కువ జబ్బు రాయడాన్ని ఆడిట్‌లో పట్టుకోవచ్చు. చేర్చుకోకుండా తప్పించిన రోగి ఏ రికార్డులోనూ కనబడడు.

మరి ఏది మేలు?

పౌర రికార్డులు, జీతాల రికార్డులు సరిపోల్చగల ప్రభుత్వమైతే నెదర్లాండ్స్ దారి. బకాయిదారుడి మీద మాత్రం అదనం వెయ్యకూడదు. ఆ యంత్రాంగం లేనిచోట, ఎక్కువమంది జీతాల పట్టీ బయట బతికేచోట, ఆలస్యానికి అదనం మేలు. గరిష్ఠం 70 కాకుండా 30 శాతం దగ్గర ఆపితే నడివయసువాడికీ దారి మిగులుతుంది. ఉత్త జరిమానా మూడో స్థానం. వేరే పూల్ ఆఖరిది, అదీ దాని డబ్బు ఏటా బడ్జెట్ బేరంలో పడకుండా చట్టంలోనే కట్టేస్తేనే. ఏది ఎంచుకున్నా వరస ముఖ్యం: ముందు సర్దుబాటు నిధి లెక్క, తరవాత చేరిక గడువు, ఆ పైన అదనమో జరిమానాయో. అందరినీ చేర్చుకోవాలన్న నిబంధన ఆఖర్న అమల్లోకి రావాలి. రాజకీయంగా జరిగేది సరిగ్గా తలకిందులు, ఎందుకంటే జనం చప్పట్లు కొట్టేది ఆ ఆఖరి నిబంధనకే.